కనిగిరి మెట్ట ప్రాంత గ్రామీణ జీవనం

కనిగిరి మెట్ట ప్రాంతం ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, వెలిగొండలకు తూర్పుగా విస్తరించి ఉన్న వర్షాధార భూభాగం. కనిగిరి పట్టణం దీనికి కేంద్రం. కనిగిరి, హనుమంతునిపాడు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం, పామూరు, పెదచెర్లోపల్లి మండలాలలోని పల్లెలు ఈ ప్రాంతం కిందికి వస్తాయి. గుంటూరు, బాపట్ల, చీరాల వైపు భూములు కాలువ నీటితోను, నల్లరేగడిలో పండే పత్తి, మిరప పైరులతోను పేరు పొందగా, కనిగిరి వైపు పల్లెలు కరువుకు, ఫ్లోరైడ్ నీటికి పేరు పడ్డాయి. ఇక్కడి ఎద్దడి కేవలం నీరు లేకపోవడం వలన వచ్చినది కాదు. నేలలో దొరికే కొద్ది నీరు కూడా తాగడానికి తగినది కాకపోవడం దీని ప్రత్యేకత. తిండి, పని, వలస, పెళ్ళి సంబంధాలు, చివరకు మనుషుల నడక కూడా ఈ ఒక్క విషయాన్ని బట్టి మారుతూ వచ్చాయి.

పేరు, పాలన

పట్టణం పక్కనున్న కొండ మీద పాత దుర్గం ఆనవాళ్ళు ఉన్నాయి. మద్రాసు రాష్ట్రంలోను, ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రంలోను కనిగిరి నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసినపుడు కనిగిరి అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో కనిగిరి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది.

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వద్ద కనిగిరి జలాశయం అనే పేరుతో ఒక పెద్ద చెరువు ఉన్నది. అది పెన్నా నీటితో నిండుతుంది. పేరు ఒకటే గాని, ఈ కనిగిరి పొలాలకు ఆ నీటితో ఎటువంటి సంబంధమూ లేదు. పాఠకులు తరచు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తుంటారు.

నేల, వాన

నేలలు ఎక్కువగా ఎర్రనేలలు, రాతిగుల్ల నేలలు. అక్కడక్కడ నల్లనేల ముక్కలు, చవుడు నేలలు కనిపిస్తాయి. పైమట్టి లోతు తక్కువ. కొద్ది అడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. అడుగున ఉన్నది పురాతనమైన గ్రానైటు, నైస్ జాతి శిల. అది నీటిని పీల్చుకోదు, నిలువ ఉంచుకోదు. రాతి పగుళ్ళలో చిక్కుకున్న నీరే బావికీ బోరుకూ ఆధారం.

ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 870 మిల్లీమీటర్లు. అయితే ఇది సముద్రతీరపు మండలాలను కూడా కలుపుకొని వేసిన సగటు. పడమటి మండలాలలో కురిసేది ఇంతకంటే తక్కువ. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు, ఆ తరువాత నల్లమల, వెలిగొండ వరుసలు దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. అందువలన తొలకరి ఇక్కడ నమ్మదగినది కాదు. చెరువులు నిండేది చిత్త, స్వాతి కార్తెలలో, అంటే అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు. తీరంలోని రైతు తుఫాను పేరు వింటే భయపడతాడు. కనిగిరి రైతు అదే తుఫాను కోసం ఆకాశం వైపు చూస్తాడు. ఒకే జిల్లాలో ఉంటూ ఒకే వార్తను ఇద్దరూ రెండు విధాలుగా వినడం ఇక్కడ మామూలు.

మన్నేరు, పాలేరు ఈ ప్రాంతపు ముఖ్యమైన ఏర్లు. రెండూ వానాకాలపు ఏర్లే. మన్నేరు మీద పామూరు మండలంలో మోపాడు జలాశయం, దిగువన రాళ్ళపాడు జలాశయం ఉన్నాయి. పై వాన లేని సంవత్సరాలలో ఈ జలాశయాలు ఎండిపోయి పశువుల మేత బీళ్ళుగా మారుతాయి.

కరువుల చరిత్ర

తెలుగు నాట పెద్ద కరువులను జనం సంవత్సరాల పేర్లతోనే గుర్తుంచుకున్నారు. నందన నామ సంవత్సరం (1832-33) నాటి కరువును డొక్కల కరువు అన్నారు. మనిషి డొక్కలు బయటపడేంత ఆకలి అని ఆ మాటకు అర్థం. దీనిలో గుంటూరు జిల్లా జనాభాలో ఎంతో భాగం నశించింది. ఈ అనుభవం తరువాతనే కృష్ణా నదికి ఆనకట్ట కట్టాలన్న వాదం బలపడి, 1855 నాటికి విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. అదే కాలంలో నెల్లూరు వద్ద పెన్నాకు కూడా ఆనకట్ట కట్టారు. రెండు డెల్టాలు పచ్చబడ్డాయి. రెండింటికీ నడుమ, ఎత్తున ఉన్న మెట్ట మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది. కాలువ నీరు పల్లానికే పారుతుంది గనుక ఇది ఎవరో చేసిన కుట్ర కాదు. కాని ఆనాటి నుండి ఒకే భాష మాట్లాడే రెండు రకాల పల్లెలు ఏర్పడ్డాయన్నది నిజం.

ధాత, ఈశ్వర నామ సంవత్సరాల (1876-78) కరువు మద్రాసు రాజధాని అంతటినీ వణికించింది. కరువు పనులలో మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలిగా సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి మోసిన మనిషికి అది చాలదని ఆనాటి వైద్యాధికారులే అభ్యంతరం చెప్పారు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ సర్వే విద్య తెలిసినవాడు కావడంతో, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని కరువు బాధితులకు పని కల్పించాడు. పని కోసం దూరపు మెట్ట పల్లెల నుండి కూడా జనం నడిచి వెళ్ళారు. వీరిలో అధికులు మాదిగలు. కరువు తగ్గిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కూలి కోసమే మతం మారారని కొందరు, కూలి ఆగిపోయిన తరువాత వచ్చినవారికి ఆ ఆశ ఎక్కడిదని కొందరు అప్పటి నుండి వాదిస్తూనే ఉన్నారు. ఊరి బావి దగ్గర కడవ దించడానికి హక్కు లేని జనానికి మనిషిగా పిలిచే చోటు దొరకడం చిన్న విషయం కాదన్నది మాత్రం ఈ వాదనలో మరువరానిది.

బావులు, చెలమలు

బోర్లు రాకముందు పల్లెలో నీటికి మూడు ఆధారాలు ఉండేవి. మొదటిది చెరువు, ఇది పశువులకూ బట్టలకూ. రెండవది దిగుడు బావి లేదా చేదబావి. మూడవది వాగు ఇసుకలో తీసే చెలమ. ఎండాకాలంలో ఆడవారు తెల్లవారుజామునే వాగులోకి వెళ్ళి, చేతులతో ఇసుక తోడి గుంట చేసి, ఊరిన నీటిని ముంతతో కడవలోకి ఎత్తుకునేవారు. ఒక కడవ నిండడానికి చాలాసేపు కాచుకోవలసి వచ్చేది. వరుస తప్పితే తగవు. తల మీద రెండు, చంకన ఒకటి పెట్టుకొని మైలు, రెండు మైళ్ళు నడిచి వచ్చిన తరువాతనే ఇంటి పని మొదలయ్యేది. నీళ్ళు లేని ఊరికి పిల్లనివ్వడానికి కన్నవారు వెనుకాడేవారు. పెళ్ళిచూపులలో పొలం ఎన్ని ఎకరాలన్న ప్రశ్న కంటే ముందు మంచినీళ్ళ బావి ఎంత దూరమన్న ప్రశ్న రావడం ఈ ప్రాంతంలో వింత కాదు.

బావికి కూడా కులం ఉండేది. ఊరిలోని మంచినీళ్ళ బావిలో దళితులు చేద వేయరాదు. వారు ఒడ్డున కడవలు పెట్టుకొని ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడాలి. లేదా తమ పల్లె దగ్గరున్న ఉప్పు నీటితో సరిపెట్టుకోవాలి. నీటి కొరత అందరికీ ఒకటే అనుకోవడం పొరపాటు. చివరి కడవ ఎవరిది అన్నది కొరత కంటే ముందే నిర్ణయమై ఉండేది. వీధి కుళాయిలు, చేతిపంపులు వచ్చిన తరువాత ఈ ఆచారం చాలావరకు సడలింది.

ఇంట్లో నీరు ఒక్కసారి వాడి పారబోసేది కాదు. బియ్యం, జొన్నలు కడిగిన నీరు కుడితి తొట్టిలోకి పోయి గేదెకు దక్కేది. బండ మీద స్నానం చేసిన నీరు దొడ్డిలోని చెట్టు పాదుకు, గిన్నెలు తోమిన నీరు పేడ కలిపి వాకిట చల్లడానికి. ఈ అలవాట్లు నేటికీ పెద్దవారున్న ఇళ్ళలో కనిపిస్తాయి.

మంచి నీటిని గుర్తించడానికి ఆడవారికి ఒక పరీక్ష ఉండేది. కందిపప్పు తొందరగా ఉడికితే అది మంచి నీరు, ఉడకకపోతే ఉప్పు నీరు. సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో పప్పు మెత్తబడదు గనుక ఈ పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. అయితే ఈ ప్రాంతంలో ఆ పరీక్షే జనాన్ని మోసగించింది. ఫ్లోరైడ్‌కు రుచి, వాసన, రంగు లేవు. నీటిలో కాల్షియం ఉన్నంతవరకు అది ఫ్లోరైడ్‌ను ఎక్కువగా కరగనివ్వదు. కాల్షియం తగ్గి, సోడియం బైకార్బొనేట్ పెరిగిన నీటిలో ఫ్లోరైడ్ సులువుగా కరిగి నిలుస్తుంది. అటువంటి నీరు మెత్తగా, తియ్యగా ఉండవచ్చు, పప్పు కూడా చక్కగా ఉడికించవచ్చు. తరతరాలుగా మంచి నీళ్ళ బావి అని పేరు పొందిన బావి నీరే ఎముకలను గట్టిపరచి, కీళ్ళను బిగించివేసే అవకాశం ఇందువలన ఏర్పడింది.

ఫ్లోరోసిస్

భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గురించి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. అంతకు ముందే రైతులు తమ ఎడ్లు కాళ్ళు ఈడ్చడం, నాగలికి పనికిరాకపోవడం గమనించారు. మనుషుల కంటే ముందు పశువుల కుంటితనమే పట్టించుకోవడం వింతగా తోచవచ్చు. కాని ఎద్దు నడవకపోతే సేద్యం ఆగుతుంది, మనిషి వంగిపోతే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు.

గ్రానైటు జాతి శిలలలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలోకి చేరుతుంది. రాతి పగుళ్ళలో నీరు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, మరో ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కనిగిరి ప్రాంతపు అనేక గ్రామాలలో భూగర్భజలం ఈ హద్దును మించి ఉన్నది.

వ్యాధి మొదట పళ్ళలో కనిపిస్తుంది. పిల్లలకు శాశ్వత దంతాలు ఏర్పడే వయసులో ఎనామిల్ దెబ్బతిని, సున్నపు మచ్చలు, ఆ తరువాత పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. బడి పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం ఈ ఊళ్ళలో ఒక అలవాటుగా మారింది. రెండవ దశ ఎముకలది. వెన్నెముక బిగుసుకుపోతుంది, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. కింద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. నేల మీద కూర్చొని తినడం, పొలంలో వంగి కలుపు తీయడం, మిరపకాయలు కోయడం బతుకుగా ఉన్న మనిషికి ఇది ఎటువంటి శిక్షో ఊహించవచ్చు. ముదిరిన వ్యాధికి మందు లేదు. నీరు మార్చడం, పాలు, ఆకుకూరలు, పుల్లని పండ్లు వంటి కాల్షియం, సి విటమిన్ ఉన్న ఆహారం ఇవ్వడం ద్వారా ముదరకుండా చూడవచ్చు. పేదరికానికీ ఈ వ్యాధికీ ఉన్న ముడి ఇక్కడే ఉన్నది. ఒకే బావి నీరు తాగిన రెండు కుటుంబాలలో పాడి ఉన్న ఇంటివారు ఒక విధంగా, కూలి ఇంటివారు మరొక విధంగా దెబ్బతింటారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ గ్రామాలలో మోకాళ్ళు లోపలికి వంగి, పాదాలు ఎడంగా ఉండే వైకల్యాన్ని యువకులలో గుర్తించారు. ఆ సంస్థలోనే తరువాతి కాలంలో జరిగిన పరిశోధనలో, ఆహారంలో చింతపండు చేర్చినప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోతున్నట్లు తేలింది. పచ్చిపులుసు వైద్యమని దీని అర్థం కాదు గాని, పేదవాని కంచంలోని ఒకే ఒక పులుపు పూర్తిగా వ్యర్థం కాదని తెలుస్తుంది. నీటిని కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం తప్పు. కాచినకొద్దీ నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

ప్రపంచంలో ఇటువంటి ఉదాహరణలు వేరేచోట్ల కూడా ఉన్నాయి. 1938లో, అంటే నెల్లూరు జిల్లా వ్యాసం వచ్చిన మరుసటి ఏడాది, బెల్జియన్ కాంగోలోని క్వాంగో ప్రాంతంలో ట్రోలీ అనే వైద్యుడు కొంజో అనే వ్యాధిని వర్ణించాడు. స్థానిక యాకా భాషలో ఆ మాటకు కట్టివేసిన కాళ్ళు అని అర్థం. అక్కడి ప్రధానాహారమైన చేదు కర్రపెండలంలో సయనైడ్ పుట్టించే పదార్థాలు ఉంటాయి. దుంపను కొన్ని రోజులు నీటిలో నానబెట్టి, ఎండబెడితే అవి పోతాయి. కరువులోనో, త్వరగా సంతకు చేర్చే తొందరలోనో ఆ రోజులు తగ్గించినపుడు, దానికి తోడు పప్పు, చేప, మాంసం దొరకనప్పుడు, పిల్లలకూ తల్లులకూ ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడతాయి. కనిగిరిలో బావి నీరు, క్వాంగోలో దుంప. పదార్థాలు వేరు, వ్యాధులు వేరు. రెండుచోట్లా విషం రోజూ బతకడానికి తీసుకునే వస్తువులోనే ఉన్నది, రెండుచోట్లా సరైన తిండి ఉన్నవాడు తప్పించుకుంటాడు.

తిండి

బియ్యం ఈ ప్రాంతంలో పండుగ తిండి. వరి చెరువు కింద మాత్రమే పండేది. రోజువారీ ఆహారం జొన్న, సజ్జ, వరిగ, కొర్ర, ఆరిక. ఉదయం చద్ది లేదా అంబలి, మధ్యాహ్నం పొలంలో సంగటి ముద్ద, రాత్రి వేడి అన్నం. కూరగా గోంగూర, చింతచిగురు, పచ్చిపులుసు, ఎండుమిరప కారం. పాత రోజులలో వంట చెరకు పొదుపు కోసం చాలా ఇళ్ళలో పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగేది. ఎడ్ల కోసం ఉలవలు ఉడికించిన నీరే ఇంటిల్లిపాదికీ చారు. కూరగాయలు దొరికిన నెలల్లో వంకాయ, దోస, మామిడి ముక్కలను వరుగులుగా ఎండబెట్టి కుండలలో దాచేవారు. తీరం నుండి గంపలతో వచ్చే ఎండుచేపలు గింజలకు మారకం.

పంట చేతికి రాకముందు ఆషాఢ, శ్రావణ మాసాలు గడ్డు నెలలు. గాదెలోనూ పాతరలోనూ గింజలు అడుగంటుతాయి. అప్పుడు ఆసామి దగ్గర నాగుకు గింజలు తెచ్చుకునేవారు. నాగు అంటే తీసుకున్న గింజలకు వడ్డీగా మరికొన్ని గింజలు కలిపి కళ్ళంలోనే కొలిచి ఇవ్వడం. పంట పోయిన ఏడాది ఆ బాకీ మరుసటి ఏటికి పెరిగి, చివరకు ఇంట్లో ఒక కుర్రవాడు ఆసామికి జీతానికి కుదరడంతో తీరేది, లేదా తీరకుండానే నడిచేది.

కరువు మరీ ముదిరితే అడవే దిక్కు. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెత ఇప్పుడు ఊరట మాటగా వాడుతున్నారు గాని, బలుసు అనేది ముళ్ళ పొద, దాని ఆకు నిజంగానే కరువు తిండి. నాగజెముడు పండ్లు, తాటి తేగలు, దొగ్గలి, చెంచలి వంటి పొలం గట్ల ఆకుకూరలు కూడా ఈ కోవలోనివే.

1983లో ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ తిండిని మార్చివేసింది. పేదవాని ఇంట్లో రెండు పూటలా వరి అన్నం ఉడకడం ఒక తరం కిందట కలలో మాట. ఆకలి నిజంగానే తగ్గింది. దానితోపాటు వరిగ, ఆరిక పొలాల నుండి దాదాపు కనుమరుగయ్యాయి. కూలిజనం వదిలివేసిన ఆ గింజలే ఇప్పుడు సిరిధాన్యాల పేరుతో పట్టణాలలో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి.

పని, పశువులు, వలస

సజ్జ, జొన్న పోయినచోట కంది, మినుము, పొగాకు, జామాయిల్ తోటలు వచ్చాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు కనిగిరిలో వేలం కేంద్రం ఉన్నది. పొగాకు నీరు తక్కువ అడుగుతుంది. అయితే ఆకు కాల్చే బ్యారన్లకు కట్టెలు కావాలి, పెట్టుబడి కావాలి, ధర వేలంలో తేలాలి. బీడు భూములను సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఈ ప్రాంతంలో దీనిని చిల్లచెట్టు అంటారు. పొలానికి అది శత్రువు. పని లేని నెలలలో దానిని కొట్టి బొగ్గు కాల్చి అమ్ముకునే కుటుంబాలకు మాత్రం అదే ఆధారం.

నెల్లూరు జాతి గొర్రెలు ఇక్కడి పొడి నేలకు తగినవి. ఎండాకాలంలో మేత, నీరు కరువైనపుడు కాపరులు మందలను తోలుకొని వరి కోతలైన కాలువ ప్రాంతాలకు వెళతారు. రాత్రి పొలంలో మంద కట్టినందుకు రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. పశువులను తోలుకొని వెళ్ళే వీలు తక్కువ. చొప్ప అయిపోగానే గేదెలను, ఎడ్లను సంతలో అయినకాడికి అమ్ముకోవడం కరువుకు మొదటి గుర్తు. 2018-19లో ఈ దృశ్యం మళ్ళీ కనిపించింది.

మనుషుల వలస సంక్రాంతి తరువాత జోరందుకుంటుంది. గుంటూరు, పల్నాడు పొలాలలో మిరపకాయ కోతలకు కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరుతాయి. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. పొలం గట్టున పట్టాలతో వేసుకున్న గుడిసె, పగలంతా ఎండలో మిరప ఘాటు, రాత్రి మంటపుట్టే చేతులు. గుంటూరు మిర్చి యార్డుకు చేరే ఎర్రటి బస్తాలలో ఈ మెట్ట చేతుల పని చాలా ఉన్నది. మరికొందరు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాలకు బేల్దారి పనికి పోతారు. ఊళ్ళో మిగిలేది ముసలివారు, వారి దగ్గర వదిలిన చిన్నపిల్లలు. వలస వెళ్ళిన తల్లిదండ్రుల పిల్లలు బడి మానకుండా సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు నడిపారు. 2007 నుండి జిల్లాలో అమలైన ఉపాధి హామీ పథకం ఎండాకాలంలో చెరువు పూడికతీత వంటి పనులతో వలసను కొంత తగ్గించింది. పూర్తిగా ఆపలేకపోయింది, ఎందుకంటే కోతల కాలంలో జంట కూలి అంతకంటే ఎక్కువ.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. వలస వెళ్ళిన పిల్లవాడు కొన్ని నెలలు వేరే నీరు తాగుతాడు. నష్టాల జాబితాలో వలసకు ఇంతకు మించిన మేలు కనబడదు.

నీటి పథకాలు

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీరు దర్శి, అద్దంకి వైపు వచ్చి ఆగిపోయింది. కనిగిరి మరింత ఎత్తున, మరింత దూరాన ఉన్నది. 1970వ దశకంలో కేంద్ర ప్రభుత్వపు కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమంలో ప్రకాశం జిల్లాను చేర్చారు. చెక్‌డ్యాములు, ఊటకుంటలు కొన్ని వచ్చాయి.

తరువాత వచ్చినది బోరు యంత్రం. చేతిపంపు మొదట వరంగానే కనిపించింది. ఆడవారి నడక తగ్గింది, కలరా వంటి బావినీటి జబ్బులు తగ్గాయి. కాని లోతుకు పోయేకొద్దీ దొరికేది రాతిలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీరు. వాగు చెలమలోని తాజా వాననీటిని వదిలి జనం పంపు నీటికి అలవాటు పడ్డారు. ఒక బాధకు చేసిన ఉపాయం మరొక బాధను పెంచిందని తెలిసేసరికి కొన్ని పంపులకు ఎర్రరంగు వేసి తాగరాదని గుర్తు పెట్టవలసి వచ్చింది.

ఫ్లోరైడ్‌ను తొలగించే నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తేర్చడం దీని సూత్రం. చౌకైనదే గాని ప్రతిరోజు పాళ్ళు చూసి కలిపే మనిషి, అడుగున చేరిన బురదను పారవేసే చోటు కావాలి. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్ల శుద్ధజలాన్ని 2 రూపాయలకు ఇవ్వాలని తలపెట్టింది. ప్రైవేటు శుద్ధి యంత్రాలు కూడా ఊరూరా వెలిశాయి. వీటిలో తోడిన నీటిలో కొంత భాగమే తాగునీరుగా వస్తుంది, మిగిలినది మరింత చిక్కటి ఫ్లోరైడ్ నీరుగా మురుగులో కలుస్తుంది. పైగా కూలి చేసుకునే ఇంట్లో క్యాను నీరు తాగడానికి మాత్రమే కొంటారు. వంటకు బోరు నీరే. అన్నం, పప్పు, సంగటి ఆ నీటిని పీల్చుకుంటాయి గనుక కొన్న నీటి ప్రయోజనం సగం పోతుంది.

సాగర్ నీటిని గొట్టాల ద్వారా కనిగిరికీ, చుట్టుపక్కల గ్రామాలకూ అందించే రక్షిత మంచినీటి పథకాలు వచ్చిన తరువాత పరిస్థితి కొంత మెరుగైంది. ఇవి కాలువకు నీరు వచ్చే రోజుల మీద, విద్యుత్తు మీద, పగిలిన గొట్టాన్ని ఎన్నాళ్ళకు బాగుచేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. పథకం చివరన ఉన్న గ్రామానికి నీరు తక్కువగా, ఆలస్యంగా చేరుతుంది.

సేద్యానికి ఆశ పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయానికి వరద వచ్చినపుడు కొల్లంవాగు వద్ద నుండి కృష్ణా నీటిని నల్లమల కింద తవ్విన రెండు సొరంగాల ద్వారా తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడుమ ఖాళీలు మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నిలుపుతారు. ఒక్కొక్క సొరంగం పొడవు 18 కిలోమీటర్లకు పైగానే. 43.5 టీఎంసీల నీటితో ప్రకాశం, నెల్లూరు, కడప ఉమ్మడి జిల్లాలలో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి పైగా తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. దీనికి 1996లో ఒకసారి, 2004లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించారు. అప్పటికి ముంపు గ్రామాల ప్రజల పునరావాసం, కాలువల పనులు మిగిలి ఉన్నాయి. మొదటి శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఆ రోజుకు ఇరవై ఎనిమిదేళ్ళ వారు. వారి శాశ్వత దంతాలు బోరు నీటితోనే ఏర్పడ్డాయి.